రొయ్య పడని పిల్ల

కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన నాగమల్లేశ్వరికి రొయ్య పడకుండా పోయింది. పెళ్లయిన కొన్నేళ్లకి, పుట్టింట్లోనే ఆ సంగతి బయటపడింది.

ఆమె కాపురం విజయవాడ వన్ టౌన్‌లో. భర్త గణేష్ చేపల లారీలకు ఐసు సరఫరా చేస్తాడు. చైత్రంలో చింతచిగురు రాగానే తల్లి పెద్దింట్లమ్మ కబురు పెట్టేది. మల్లి కైకలూరు బస్సెక్కి వెళ్లి, పొయ్యి పక్కనే పీట వేసుకుని చింతచిగురు రొయ్యల కూర కలుపుకుని తినేది. ఏటా అంతే.

తొంభై తొమ్మిదిలో అలా తింటూ ఉండగానే పెదవులు వాచాయి. ఒంటినిండా దద్దుర్లు లేచాయి. గొంతు బిగుసుకుపోయి ఊపిరాడలేదు. ఆ ఏడు వెంట వచ్చిన గణేష్ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి ఇంజక్షన్ చేయించబట్టి గండం గడిచింది.

తర్వాత విజయవాడలో పెద్ద డాక్టరుకి చూపించారు. పెద్దింట్లమ్మ కూడా వెంట వచ్చింది.

"అరగలేదేమోనండీ. ఇంకాస్త ఉడకనివ్వాల్సింది," అంది.

"ఇది అరుగుదల గొడవ కాదమ్మా," అన్నాడు డాక్టరు. "మీ అమ్మాయి ఒళ్లు రొయ్యని శత్రువనుకుని తిరగబడుతోంది. ఉడికిస్తే క్రిములు చస్తాయిగానీ ఈ గుణం పోదు. చేపతో ఇబ్బంది లేదు, తినొచ్చు. రొయ్య, పీత మాత్రం ముట్టుకోకూడదు."

"చిన్నప్పట్నుంచీ తిన్నదేగదండీ."

"పెద్దయ్యాక కూడా మొదలవుతుందమ్మా."

పెద్దింట్లమ్మకి ఆ మాట మింగుడుపడలేదు. రొయ్యల షెడ్డులో తలలు తీసి, పొట్టు ఒలిచి పిల్లని పెంచింది. అదే రొయ్య ఆ పిల్లకి విషమంటే ఎలా నమ్మడం?

మరుసటేడు కూతురు వచ్చినప్పుడు ఆమెకి కొర్రమీను పులుసు వండింది. రెండో పొయ్యి మీద భర్త వెంకటప్పయ్యకి రొయ్యలు వేయించింది. ఏమరుపాటున ఆ గరిటెతోనే పులుసు కలిపింది. రెండు ముద్దలు తిన్నదో లేదో మల్లికి మళ్లీ ఊపిరి అందలేదు. ఈసారి ఆస్పత్రికి చేరేసరికి స్పృహ లేదు.

బతికి బయటపడ్డాక గణేష్ అత్తగారితో నెమ్మదిగానే చెప్పాడు.

"తప్పు మీదని కాదత్తయ్యా. ఊళ్లో ఏ ఇంటి ముందు చూసినా రొయ్యలు ఎండబోసే ఉంటాయి. షెడ్డుల్లో ఉడుకుతుంటే ఆ ఆవిరికే దీనికి దగ్గొస్తోంది. ఇంక ఊరికి పంపించలేనండి."

పెద్దింట్లమ్మ తలూపింది. ఇంటికెళ్లాక ఆ గరిటెని చెరువులో విసిరేసింది.

వన్ టౌన్‌లో మల్లి జాగ్రత్తగా బతకడం నేర్చుకుంది. పదో తరగతి చదివిన ఇంగ్లీషుతో సూపు పొట్లాం, మసాలా పొట్లాం వెనక సన్న అక్షరాలు వెతికేది. ఏం కలిపారో రాయని పొట్లాం కొనేది కాదు. హోటల్లో తినాల్సివస్తే ఆ నూనెలో ఇంకేం వేయించారని అడిగేది. సర్వరు విసుక్కున్నా ఊరుకునేది కాదు.

జాగ్రత్త అలవాటైంది. కోరిక మాత్రం చావలేదు. చైత్రం రాగానే బజారులో బుట్టల్లో చింతచిగురు కనబడేది. మల్లి గుప్పెడు తీసి వాసన చూసి, మళ్లీ బుట్టలో వేసేసేది. ఒక్కోసారి కలలో రొయ్యల కూర తినేది. ఉలిక్కిపడి లేచి పెదవులు తడుముకునేది. ఏమీ కాలేదని తెలిశాక ఊరట కలగాలి. కలగకపోగా ఏడుపొచ్చేది. కావలసింది కూరొక్కటే కాదు. ఆ పొయ్యి, ఆ పొగ, ఇంకో ముద్ద తినమని పోరే అమ్మ, అన్నీ ఆ ఊళ్లోనే ఉండిపోయాయి.

ఒక వేసవిలో పెద్దింట్లమ్మ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది.

"ఉయ్యూరులో రామతులసి పిన్ని ఇంటికి రా. వాళ్లింట్లో నీచు వండరుగా. అక్కడ నేను వండిపెడతా."

రామతులసి మొగుడు పంచదార ఫ్యాక్టరీలో పని చేస్తాడు. దీక్షలో ఉన్నప్పుడు మానేసిన మాంసం వాళ్లు మళ్లీ మొదలెట్టలేదు. మల్లి వెళ్లేసరికి పెద్దింట్లమ్మ కొత్త గిన్నె, కొత్త గరిటె, కొత్త కత్తిపీట సంచిలోంచి తీసి కడుగుతోంది. కొత్త చీర కట్టుకుని ఉంది. షెడ్డు పనికి వారం ముందే సెలవు పెట్టిందట. చేతులు చింతపండుతో, సబ్బుతో తోమి తోమి ఎర్రగా అయ్యాయి.

మల్లి ఆ చేతులు పట్టుకుని ముఖానికి ఆనించుకుంది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

"అమ్మ వాసనే రావట్లేదే," అంది.

"రాకూడదనేగా ఇంత తోమింది," అంది పెద్దింట్లమ్మ.

చింతచిగురు పప్పు వండింది. మల్లి కడుపునిండా తింది. కారం, పులుపు సరిగ్గా అమ్మ చేతివే. తింటూ తింటూ అడిగింది.

"ఈ ఏడు రొయ్యలతో వండావా?"

"వండాను. ఏం బాగోలేదు. చప్పగా ఉంది."

"నిజం చెప్పమ్మా."

పెద్దింట్లమ్మ గరిటె కింద పెట్టింది.

"బాగా కుదిరింది. కొల్లేటి రొయ్యే, చెరువు రొయ్య కాదు. చిగురు లేతది. మీ నాన్న గిన్నె ఊడ్చి తిన్నాడు. నాకే ముద్ద దిగలేదు."

"ఎలా వేయించావో చెప్పు, మొదట్నుంచీ."

పెద్దింట్లమ్మ ఉల్లిపాయ దగ్గర మొదలుపెట్టింది. మల్లి కంచంలో పప్పన్నం కలుపుతూ వింది. సాయంత్రం తల్లి కైకలూరు వైపు, కూతురు బెజవాడ వైపు బస్సెక్కారు. ఆ తర్వాత ఏటా చైత్రంలో ఉయ్యూరులోనే కలుసుకున్నారు.