అరచేతి కింద తీర్మానం

రెండు కావడానికి ఇంకా పది నిమిషాలు. నాచారం పారిశ్రామికవాడలో మందుల కంపెనీ గేటు ముందు మధ్యాహ్నం షిఫ్టు జనం ఎండలో మాడుతున్నారు. రెండు దాటి ఒక్క నిమిషం ఆలస్యమైనా సగం రోజు కూలి కోత. ప్యాకింగ్‌లో పనిచేసే రాణికి ఆ సగం రెండువందల నలభై రూపాయలు. ఆమె ఆదరాబాదరాగా కార్డు మెడలో వేసుకుంటుంటే వెనకాల సైకిల్ బెల్లు ఆగకుండా మోగింది.

"ఓ కోడలా! నిలవడు! పోలీసోళ్లు నీ కోసమే దిరుగుతున్నరు!"

రాణి ఉలిక్కిపడి చూసింది. సైకిల్ మీద హన్మయ్య. సర్కారు హైస్కూలు వాచ్‌మన్. అరవై ఏళ్లొచ్చి నాలుగు పళ్లు ఊడాయి గానీ నవ్వు మాత్రం ఊడలేదు.

"ఏంది మామా, గుండె ఆగినంత పనైంది! ఏం గావాలె?"

"సంతకం. పెద్దసారు తోలిండు."

సంచిలోంచి పొడుగాటి తీర్మానాల పుస్తకం తీశాడు. రాణి కూతురు కావ్య ఆ బడిలోనే తొమ్మిదో తరగతి. తల్లిదండ్రుల కమిటీకి రాణే అధ్యక్షురాలు. నెలకోసారి కమిటీ కూర్చుని బడి ఖర్చులు, పనివాళ్ల సంగతి తేల్చాలని కాగితం మీద ఉంది. కానీ ఒక సభ్యుడు ఆటో నడుపుతాడు, ఒకామె ఇడ్లీ బండి పెడుతుంది, ఇంకొకరు గోదాములో మూటలు మోస్తారు. పని మానితే పూట గడవదు. అందుకని ఏళ్ల నుంచీ అలవాటైన పద్ధతి ఒకటుంది. హెడ్మాస్టర్ బసవరాజు తీర్మానం రాసిపెడతాడు. హన్మయ్య పుస్తకం తిప్పుకొస్తాడు. మనుషులు మీటింగుకు పోలేరు గనుక మీటింగే సైకిలెక్కి మనుషుల దగ్గరికి వస్తుంది.

"ఏం రాసిన్రు? సూడనియ్యి జర."

రాణి పది పాసైంది, చదవగలదు. హన్మయ్య మాత్రం రాతంతా కప్పేసేలా అరచేయి ఆనించాడు.

"సదవకు! నీకు రెండో సంబంధం కుదిరింది. గా పిలగాని ఆస్తిపాస్తులు రాసిన్రు. సిగ్గుపడుకుంట సంతకం వెట్టు!"

"మా ఇంటాయనకు జెప్త ఉండు!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడ్డారు. రాణి కూడా నవ్వింది. సైరన్ మోగింది. హన్మయ్య నడిమి వేలు చివర మిగిలిన జాగాలో ఆమె గబగబా సంతకం గీకి లోపలికి పరిగెత్తింది.

అక్కడి నుంచి హన్మయ్య ఉప్పల్ చౌరస్తాకు పోయాడు. మెట్రో స్తంభం నీడలో ఆటో ఆపుకున్న ఉపేందర్‌తో, "నీ బండికి ఇమానం ఇంజను మంజూరైంది" అన్నాడు. మళ్లీ అదే అరచేయి. ఇడ్లీ బండి దగ్గర ఇంకో మాట, ఇంకో సంతకం. సాయంత్రానికి అయిదుగురి సంతకాలూ వచ్చేశాయి. హన్మయ్యకు తన పేరొక్కటే రాయడం వచ్చు. మిగతా అక్షరాలు అతనికి దూరపు చుట్టాలు. ముఖాలు గుర్తే, పేర్లే తెలియవు.

మర్నాడు, ఒకటో తారీకు పొద్దున, రాములమ్మ ఫినాయిలు బకెట్‌తో ఆడపిల్లల మరుగుదొడ్ల దగ్గరికి వచ్చింది. హన్మయ్య భార్య. పదకొండేళ్లుగా అవి కడుగుతోంది. కమిటీ పైసల్లోంచి నెలకు మూడు వేలు. తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది. ఆమె నడుం మీద చేయి వేసి గేటు వైపు కేకేసింది.

"ఏందయ్యా నీ ఏశాలు? తాళం దియ్యి!"

పోయిన నెల చీపురు దాచిపెట్టిన మనిషి, అంతకుముందు చెప్పులు చెట్టెక్కించిన మనిషి. ఇది ఇంకొకరి పనని ఆమె ఎలా అనుకుంటుంది? హన్మయ్య పరిగెత్తుకొచ్చాడు.

"నా మీదొట్టు, నేన్ గాదు!"

"మొన్న చీపురప్పుడు గూడ గిట్లనే ఒట్టు వెట్టినవ్. పోరగాండ్లు నిలవడ్డరు, దియ్యి!"

వరసలో నిలబడ్డ ఆడపిల్లలు కిసకిసలాడారు. హన్మయ్య జేబులు తిరగేసి చూపించాడు. అంతలో బసవరాజు వచ్చాడు. చెడ్డవాడు కాదు. రిటైరవడానికి ఏడాదిన్నర ఉన్న భయస్థుడు. నేల చూస్తూనే మాట్లాడాడు.

"రాములమ్మా, కమిటీ తీర్మానం చేసింది. తనిఖీ వస్తుంది. ముంగట గోడకు రంగులు, గేటు మీద ఆర్చి కావాల్నని పైనుంచి రోజూ ఫోన్లు. ఉన్నయి గవ్వే పైసలు. కడిగే మనిషి లేకుండ తెరిచి పెడితె రోగాలొస్తయి. అందుకే తాళం."

"ఏ కమిటీ సారూ? ఎన్నడు గూసున్నరు?"

ఆయన లోపలికి పోయాడు. పుస్తకం తెచ్చి, ముందు నిలబడ్డ కావ్య చేతిలో పెట్టాడు. ఆ పిల్ల బడిలో పాఠం చదివినట్టే చదివింది.

"'బాలికల మరుగుదొడ్లు శుభ్రపరచు శ్రీమతి రాములమ్మ సేవలను ఒకటో తారీకు నుండి నిలిపివేయుటకు, సదరు నిధులను ముఖద్వారం ఆర్చికి వినియోగించుటకు ఏకగ్రీవంగా...'"

కావ్య ఆగిపోయింది. వేలు పేజీ అడుగున నిలిచింది.

"గిది మా అమ్మ సంతకం, తాతా."

హన్మయ్య ఆ పేజీని గుర్తుపట్టాడు. రాతతో కాదు. కాగితం మీద అరచేతి చెమట ఆరి అలుక్కుపోయిన సిరాతో. కుడి చేయి తిప్పి చూసుకున్నాడు. గీతల్లో ఇంకా నీలం పోలేదు.

రాములమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"గందరి దగ్గరికి తిరిగినవా?"

"ఆఁ."

"మస్తు నవ్విపిచ్చినవా?"

అతను తలూపాడు.

"రాణి నవ్విందా?"

"నవ్వింది."

ఆమె బకెట్‌లో నీళ్లు చెట్టు మొదట్లో పోసింది. బకెట్ బోర్లించి, చీపురు దాని మీద అడ్డంగా పెట్టి, రబ్బరు తొడుగులు విప్పి దులిపి చీపురు మీద ఆరేసింది, రేపొద్దున మళ్లీ తొడుక్కునేటట్టు. గేటు దాకా పోయాక గుర్తొచ్చి వెనక్కి వచ్చి తొడుగులు తీసుకుపోయింది. అవి ఆమె సొంత డబ్బుతో కొన్నవి.

ఆదివారం రాములమ్మ వాళ్లింటికి రాణి వచ్చి గడపలో కూలబడి ఏడ్చింది. రాములమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా! కంపెనీ గేటు మన కోసం ఆగుతదా?"

మూలన కూర్చున్న హన్మయ్య దిక్కు ఇద్దరూ చూడలేదు. ఆ ఇంట్లో ఆ వారమంతా ఎవరి చెప్పులూ మాయం కాలేదు.

నెల గడిచింది. ఆర్చి లేచింది. బంగారు రంగు అక్షరాలు దారిన పోయేవాళ్లందరికీ కనబడుతున్నాయి. వెనక ఆడపిల్లల మరుగుదొడ్ల తాళం అట్లాగే ఉంది.

మళ్లీ కంపెనీ గేటు, మళ్లీ రెండుకు పది నిమిషాలు. ఈసారి సైకిల్ బెల్లు మోగలేదు. హన్మయ్య పుస్తకం తెరిచి రాణికి అందించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"సదువు, కోడలా."

"టైం లేదు మామా..."

"సదువు. నాకినవడేటట్టు సదువు."

రాణి వేలు పెట్టి చదివింది. "'ఆర్చి పని తృప్తికరంగా ముగిసినది. బాలికల మరుగుదొడ్లు పరిశుభ్రంగా, నిత్యం వాడుకలో ఉన్నవని కమిటీ ధ్రువీకరించడమైనది...'"

సైరన్ మోగింది. జనం తోసుకుంటూ లోపలికి పోతున్నారు.

"రాణీ, వస్తున్నవా, ముయ్యాల్నా?" గేటు మనిషి అరిచాడు.

ఆమె చివరి వరస దాకా చదివింది. రెండోసారి కూడా చదివింది. పెన్ను మూత పెట్టి హన్మయ్య చొక్కా జేబులో గుచ్చింది.

"నేను వెట్ట, మామా."

గేటు మూసుకుంది. రెండువందల నలభై కాదు, ఆ రోజు కూలంతా దాని లోపలే ఉండిపోయింది.   హన్మయ్య సైకిల్ వెనక సీటును తువ్వాలతో తుడిచాడు.

"గూసో. ఇంక నలుగురున్నరు. అందరికి నువ్వే సదివి ఇనిపియ్యి."

రాణి పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముసలి కాళ్లు బరువుగా తొక్కుతున్నాయి. బడి ముందుకొచ్చేసరికి హన్మయ్య గభాలున బ్రేకు వేశాడు.

ఆర్చి కింద నుంచి ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా సంచులు తగిలించుకుని ఇళ్లకు పోతున్నారు. బడి విడవడానికి ఇంకా రెండు గంటలకు పైనే ఉంది. వాళ్లలో కావ్య కూడా ఉంది. తల వంచుకుని, త్వరత్వరగా నడుస్తోంది. తల్లిని చూడలేదు.

"రోజు గిదే టైముకా, మామా?" రాణి సైకిల్ దిగింది.

రోజూ ఈ గేటు తీసి వాళ్లను బయటికి పంపే హన్మయ్య తల దించుకున్నాడు.

కావ్య సంచి పక్క జేబులో నీళ్ల సీసా ఎండకు మెరుస్తోంది. పొద్దున రాణి నింపి పంపిన నీళ్లు, మూత దాకా అట్లాగే ఉన్నాయి.