పదో దిమ్మ

నేను ఒక చెక్క దిమ్మను. అంగుళం పొడుగు, అంగుళం వెడల్పు, అంతే ఎత్తు. రెండు ముఖాలు ఎరుపు, రెండు తెలుపు, మిగిలిన రెండూ మూల నుంచి మూలకు సగం ఎరుపు, సగం తెలుపు. చూసినవాళ్ళు పిల్లల ఆటవస్తువు అనుకుంటారు. భయపడి నన్ను చేయించారని వాళ్ళకేం తెలుసు.

మంగళగిరిలో కోటాచారి అనే వడ్రంగి షెడ్డులో, గుమ్మానికి కోయగా మిగిలిన వేపముక్క నుంచి నేనూ, నా తోబుట్టువులు ఎనిమిది మందీ పుట్టాం. చేయించినావిడ పేరు నాగమల్లేశ్వరి. ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషి కాబట్టి టేపు వెంట తెచ్చుకుని, కోసిన ప్రతి ముక్కనూ కొలిచింది. దారమంత తేడా వచ్చినా ఒప్పుకోలేదు.

"ఏం ఆటమ్మా ఇది, ఇంతలా కొలుస్తున్నావు?" అన్నాడు కోటాచారి.

"ఆట కాదు బాబాయ్, పరీక్ష."

"చెక్కముక్కలతో పరీక్షేంటి?"

"అదే నాకూ తెలీదు. నువ్వు మూలలు సరిగ్గా తియ్యి, చాలు."

రంగులు ఆవిడే వేసింది. తెలుపుకి తలుపుల పెయింటు, ఎరుపుకి గోళ్ళరంగు. ఎండలో ఆరుతున్నంతసేపూ నాకు ఒకటే గుబులు. కాకి ఎత్తుకుపోతుందేమో, ఎవరైనా పొయ్యిలో పెడతారేమో అని. ఆ భయం నాకు ఆవిడ చేతినుంచే అంటింది. రంగు ఆరింది గానీ భయం ఆరలేదు.

ఆవిడ కూతురు ప్రణవి ఐదో తరగతి. పాఠం నోటితో చెప్పమంటే గడగడా చెబుతుంది. పుస్తకం ఇచ్చి చదవమంటే మాత్రం అక్షరాలు తారుమారవుతాయి, వరస తప్పుతుంది. రెండు వాక్యాలు రాసేలోపు గంట కొట్టేస్తారు. ఒకరోజు హెడ్మిస్ట్రెస్ గారు తల్లిని పిలిపించారు. విజయవాడలో ప్రైవేటుగా పిల్లల్ని పరీక్షించే సైకాలజిస్టులు ఉన్నారని, ఒకరి దగ్గర రిపోర్టు తెస్తే, ఆరో తరగతికి ఇక్కడే ఉంచాలో, వేరే బడి చూసుకోవాలో చెబుతామని అన్నారు. ఆవిడకు 'వేరే బడి' ఒక్కటే వినపడింది. బడి నుంచి ఇంటికి నడిచే పది నిమిషాల్లో కూతురి చదువు మాన్పించి, కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి, కళ్ళు కూడా పాడుచేసేసింది, అంతా మనసులోనే.

బడి గేటు దగ్గర పరిచయమైన పద్మజ కొడుకుని అంతకుముందే అలాంటి పరీక్షకు తీసుకెళ్ళారు. "ఎరుపు తెలుపు దిమ్మలిచ్చి, బొమ్మ చూపించి, అలాగే పేర్చమన్నారు వదినా. మావాడు పేర్చలేకపోయాడు. ఏదో రాసిచ్చారు," అంది పద్మజ. ఇంకేం కావాలి? వీధికో కోచింగ్ సెంటరున్న చోట బతికే మనిషి. ఏ పరీక్షకైనా ముందు తర్ఫీదు ఉండి తీరాలని ఆవిడ నమ్మకం. అక్కడ చదివించే పేరా, రాయించే మాటలు, అడిగే ప్రశ్నలు అన్నీ పద్మజ దగ్గర కనుక్కుని ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకుంది. ప్రణవి చేత అన్నీ కంఠతా పట్టించింది. ఆ తర్ఫీదు కోసమే మేం పుట్టాం.

మొదటిరోజు ప్రణవి నోట్‌బుక్కులో తల్లి గీసిన బొమ్మను ఒక్కసారి చూసి, మమ్మల్ని అటూ ఇటూ తిప్పి పెట్టేసింది. అచ్చం బొమ్మలాగే వచ్చింది. మనుషుల తమాషా చూడండి, తల్లి ఆ సమయంలో ఫోనులో సెకన్లు లెక్కపెట్టుకుంటోంది. "ఏదో గుడ్డిగా కుదిరింది, మళ్ళీ చెయ్యి," అంది. మళ్ళీ కుదిరింది. రోజూ బడికి వెళ్ళేముందు, పదిహేను రోజులపాటు మేం కుదురుతూనే ఉన్నాం. ఆవిడ మనసు మాత్రం ఒక్కరోజూ కుదుటపడలేదు.

విజయవాడ ప్రయాణం రోజున ప్రణవి నన్నొక్కదాన్నే తీసి గౌను జేబులో వేసుకుంది. తోడు కోసం కాబోలు.

సైకాలజిస్టు వసుంధర గారు తల్లిని బయట కూర్చోబెట్టి, పిల్లతో కాసేపు కబుర్లాడి, పెట్టెలోంచి తొమ్మిది దిమ్మలు బల్లమీద పోశారు. అసలువి. నున్నగా, ఒక్క గీతైనా లేకుండా ఉన్నాయి. ప్రణవి ముందుకు వంగేసరికి నేను జేబులోంచి జారి నేలమీద పడ్డాను. పిల్ల అలవాటుగా నన్ను తీసి వాటి పక్కనే పెట్టింది.

వసుంధర గారు లెక్కపెట్టారు. పది. నన్ను తీసి వాసన చూశారు.

"ఇది నాది కాదే."

"మా అమ్మ చేయించింది మేడం. ఇంటికాడ ఇంకా ఎనిమిదున్నాయి," అంది ప్రణవి. "మీరడిగేవి కూడా నాకొచ్చు. చెప్పమంటారా?"

తల్లిని లోపలికి పిలిచారు. నన్ను చూడగానే ఆవిడకు సంగతి అర్థమైపోయింది. కిటికీలోంచి విసిరేస్తారని నేను సిద్ధపడిపోయాను.

"తప్పు నాదండి. పాపకేం తెలీదు. ఇది మాత్రం రిపోర్టులో రాయకండి," అంది.

వసుంధర గారు కోప్పడలేదు. "చూడమ్మా, నేర్చుకొచ్చినవన్నీ గడగడా అప్పజెబితే నేనేం రాయాలి? ఈ పిల్లకు చదువులో ఏ ఇబ్బందీ లేదని రాయాలి. అప్పుడు బడివాళ్ళేమంటారు?"

"ఒళ్ళు బద్ధకం అంటారు."

"ఇప్పుడేమంటున్నారు?"

"ఇప్పుడూ అదే అంటున్నారండి."

ఆవిడ బ్యాగులోంచి లాంగ్ నోట్‌బుక్కు తీసి బల్లమీద పెట్టింది. "ఇందులో ఉన్నవన్నీ దానికి నోటికొచ్చు. ఒక్కటీ దాచలేదు. ఇవి కాకుండా ఇంకేవన్నా ఇచ్చి చూడండి. దాని అసలు చదువు ఎంత అన్యాయంగా ఉన్నా సరే, అదే రాయండి."

"మొదటిరోజు దిమ్మలు ఎలా పేర్చింది?"

"మొదటిసారే పెట్టేసిందండి. నేనే నమ్మలేదు."

"నేర్పినవి నేను లెక్కలోకి తీసుకోను. ఈ మాట మాత్రం రాసుకుంటాను," అని రెండు వారాల తర్వాత రమ్మన్నారు. వేరే పరీక్షలు పెడతామన్నారు. నన్ను ఆవిడ చేతికే ఇచ్చేశారు. అప్పటినుంచి తాళాలు, బస్సు టికెట్లతోపాటు ఆ బ్యాగులోనే నా కాపురం.

మర్నాడు గేటు దగ్గర పద్మజ ఎదురొచ్చింది. "రెండోసారి ఏం అడుగుతారో మా చుట్టాలమ్మాయిని కనుక్కున్నాను వదినా."

"చెప్పొద్దు పద్మజా. తెలిస్తే నేర్పకుండా ఉండలేను."

"నీ మంచికే చెబుతుంటే?"

"నా మంచికే చెప్పొద్దంటున్నా," అని కొంగు బిగించుకుని అవతలికి నడిచింది. అడుగులు గట్టిగా పడుతుంటే బ్యాగులో నేను ఎగిరెగిరి పడ్డాను.

రెండోసారి పరీక్షలయ్యాక రిపోర్టు వచ్చింది. అంతా ఇంగ్లీషు. ఆవిడ వసుంధర గారి ఎదురుగా కూర్చుని, ఏ పేజీలో ఏముందో చెప్పించుకుని, పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకుంది. పిల్ల బుర్ర చురుకైనదే. చదవడంలో, రాయడంలో మాత్రం గట్టి ఇబ్బంది ఉంది. పరీక్షలో ప్రశ్న చదివి వినిపించాలి, అరగంట ఎక్కువ ఇవ్వాలి.

హెడ్మిస్ట్రెస్ గారు మొదటి రెండు పేజీలు చూసి పక్కన పెట్టేశారు. "మేం చెప్పిందేగా ఇదీ. ఇబ్బంది ఉందనే రాశారు. వేరే బడి అయితే పాపకే మంచిది."

బ్యాగులో ఆవిడ చెయ్యి నన్ను పట్టుకుంది. నా మూలలు అరచేతిలో దిగబడేలా పట్టుకుంది.

"ఉందనే రాశారండి, నేనూ కాదనను. ఏడో పేజీ తియ్యండి."

"ఏడో పేజీలో ఏముంది?"

"ఏం చెయ్యాలో ఉంది. మీరు తెమ్మంటేనే తెచ్చాను. మీరు చదివేదాకా కూర్చుంటాను."

కూర్చుంది. పీరియడు గంట కొట్టారు. ఇంకోటి కొట్టారు. బంట్రోతు రెండుసార్లు తొంగిచూసి వెళ్ళాడు. ఇక బయటికి గెంటేస్తారని నేను వణికిపోతున్నాను. చెమటపట్టిన ఆ చెయ్యి మాత్రం వదులు కాలేదు. చివరికి హెడ్మిస్ట్రెస్ గారు ఏడో పేజీ తీసి చదివారు.

"సరే. ఈ యాన్యువల్ పరీక్షలకు ప్రశ్న చదివి వినిపించి, అరగంట ఎక్కువిచ్చి చూస్తాం. పాసైతే ఇక్కడే ఉంటుంది. లేకపోతే మళ్ళీ వచ్చి నన్నడగొద్దు."

"అడుగుతానండి," అంది నాగమల్లేశ్వరి, లేచి దణ్ణం పెడుతూ.

ఇలా ఏ లెక్కలోకీ రాని దొంగదిమ్మనై మిగిలాను. అసలు దిమ్మలకు పెట్టె ఉంది, పరువు ఉంది. నాకు చూసిన సంగతులున్నాయి. మనుషులు పిల్లల్లో ఉన్నదాన్ని దాచడానికి పడే కష్టంలో సగం, ఉన్నది చెప్పడానికి పడితే చాలని నాకు అనిపిస్తుంది. చెప్పడానికే ఎక్కువ ధైర్యం కావాలని కూడా, ఆ చేతిలో ఉన్నాక తెలిసింది.

పరీక్షల మొదటిరోజు గంట కొట్టారు. పిల్లలంతా బిలబిలమంటూ బయటికొచ్చి ఆటోలెక్కారు. గేటు ఖాళీ అయిపోయింది. ఇదివరకు ప్రణవి అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆవిడ లారీలనూ, పిచ్చికుక్కలనూ, మూతలేని మ్యాన్‌హోళ్ళనూ తలుచుకునేది. ఆరోజు నిలబడ్డచోటు నుంచి కదల్లేదు.

వాచ్‌మన్ గేటు మూయబోతూ ఆగాడు. "అందరూ ఎల్లిపోయారమ్మా. మీ పాప రాలేదేంటి?"

"అరగంట ఆగు బాబూ," అంది నాగమల్లేశ్వరి. "అది ఇంకా రాస్తోంది."