పేతురు అత్తగారి జ్వరం

జ్వరంగా ఉందని చెబితే మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "ఆస్పత్రిలో పనిచేసేదానివి, ఒక మాత్ర వేసుకోలేవా?" అన్నాడు. వేసుకున్నాను. వేసుకుని అందరికీ క్యారేజీలు కట్టాను, అత్తయ్య స్నానానికి నీళ్లు కాచి పెట్టాను, పగలంతా వార్డులో డ్యూటీ చేశాను. సగం పూట సెలవడిగితే హెడ్ నర్సు, నర్సులకే జ్వరాలొస్తే పేషెంట్లని ఎవరు చూస్తారమ్మా అని నవ్వేసింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే హాల్లో కుర్చీలు వరసగా వేసి కనిపించాయి. ఇవాళ వాక్యం గుంపు వచ్చే రోజని అప్పుడు గుర్తొచ్చింది.

మా విచారణలోని, అంటే మా చర్చి కిందికొచ్చే కొన్ని కుటుంబాలవాళ్లు వారానికోసారి ఒకరింట్లో కలుస్తారు. ఆ రోజు పూజలో చదివిన బైబిలు భాగాన్ని, ఆ సువిశేషాన్నే మళ్లీ చదివి, పుస్తకం చేతులు మార్చుకుంటూ, ఆ మాటని తమ బతుకులో ఎలా నడుపుకుంటున్నారో తలా ఒక ముక్క చెబుతారు. ఒకరింట్లో అన్నాను గానీ ఎప్పుడూ మా ఇంట్లోనే. గుంపు పెద్ద మా ఆయన కదా, పైగా నా టీ బాగుంటుందట. ఆ పుస్తకం ముసలివాళ్ల చేతుల్లోంచి పిల్లల చేతుల్లోకి, గోడవారన కూర్చున్న మా అత్తయ్య చేతుల్లోకి వెళ్తుంది. వంటింటి గడప మాత్రం దాటదు. పెళ్లైన కొత్తలో ఒకసారి నేనూ చెబుతానని వచ్చి కూర్చున్నాను. ముందు టీ సంగతి చూడు, నువ్వు తర్వాత చెబుదువుగాని అన్నాడు మా ఆయన. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు.

నాకు చెప్పడానికి ఏమీ లేక కాదు. రోజూ బస్సులో నిలబడే ఆ రోజు బైబిలు పఠనాలు ఫోన్లో చదువుతాను. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియనివ్వొద్దన్న రోజు నవ్వొచ్చింది. మా ఇంట్లో నా రెండు చేతులు చేసేదీ ఎవరికీ తెలియదు. పొలంలో పని చేసి వచ్చిన సేవకుణ్ణి యజమాని కూర్చోబెట్టి తినమంటాడా, ముందు నాకు వడ్డించమంటాడా అని అడిగిన రోజు, బస్సు దిగి వార్డుదాకా నడుస్తూ దాని గురించే ఆలోచించాను. ఆ సేవకుడికి యజమాని ఒక్కడే, నయం అనుకున్నాను. ఈ మాట మా ఆయనతో అంటే వాక్యంతో వేళాకోళమా అన్నాడు. వేళాకోళం కాదు. దేవుడు నాతో మాట్లాడుతున్నాడనిపిస్తుంది, ఆ సంగతి ఇంకో మనిషితో చెప్పుకోవాలనిపిస్తుంది, ఇంటినిండా మనుషులుండి కూడా వినేవాళ్లు ఒక్కరూ ఉండరు. అంతకంటే ఒంటరితనం నాకు తెలియదు. గిన్నెలు తోముతూ కుళాయికి చెప్పుకుంటాను. అదైతే మధ్యలో అడ్డం రాదు.

ఇవాళ్టి సువిశేషం ప్రభువు శిష్యుడు పేతురు అత్త జ్వరం గురించి. పొద్దున చదువుతుంటే నా ఒళ్లు కూడా కాలిపోతోంది. పేతురుకి అత్త ఉందంటే భార్య కూడా ఉండాలి కదా. ఆవిడ ఊసే లేదు. మొగుడు ప్రభువుతో కలిపి నలుగురు మగవాళ్లని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు, కన్నతల్లి జ్వరంతో మూలుగుతోంది. ఇంతకీ ఆవిడ ఎక్కడుంది? వంటింట్లో ఉండి ఉంటుంది. రాసినవాళ్లు అంతదూరం తొంగి చూసి ఉండరు.

అందరూ వచ్చారు. పాట అయింది, చదవడం అయింది. కెటిల్లో టీ పోసి, కప్పులు ట్రేలో సర్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మా ఆయన గొంతు ఖంగుమంటోంది. జ్వరం విడిచిన మరుక్షణం ఆ తల్లి లేచి వచ్చినవాళ్లకి వడ్డించిందని, కాసేపు పడుకుంటానని అనలేదని, విశ్వాసమంటే అదేనని చెబుతున్నాడు. రిటైరైన హెడ్‌మాస్టరుగారు, అలాంటి ఆడవాళ్లు ఇప్పుడెక్కడున్నారని నిట్టూర్చారు.

"ఎందుకు లేరు సార్? మా ఆవిడకి పొద్దుటి నుంచి జ్వరం. అయినా చూడండి, ట్రే పట్టుకుని ఎలా నిలబడిందో."

అందరి తలలూ నావైపు తిరిగాయి. మెచ్చుకోలుగా నవ్వారు. తమ రోజుల్లో జ్వరమొచ్చినా పొయ్యి ఆరేది కాదని అత్తయ్య అందుకుంది. మా ఆయన మొహం వెలిగిపోతోంది. పొద్దున చెవికి ఎక్కలేదనుకున్న నా జ్వరం ఆయనకి చక్కగా గుర్తుంది. గుంపులో సాక్ష్యం చెప్పడానికి దాచుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ట్రే బల్లమీద పెట్టాను.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వండి" అన్నాను.

"ముందు చక్కెర పట్రా. నువ్వు తర్వాత..."

ఆయన మాట పూర్తి కాకముందే హెడ్‌మాస్టరుగారి ఒళ్లోంచి పుస్తకం తీసుకున్నాను. ఇన్నేళ్లుగా లోపల పోగుచేసుకున్నవాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. ఒక్క చోట మాత్రం వేలు పెట్టాను.

"ఆవిడ లేచి వడ్డించిందన్నారు. అంతకుముందు ఇక్కడ ఇంకొకటుంది. ఆవిడకి బాగోలేదని ఇంట్లోవాళ్లు ప్రభువుకి చెప్పారు. ఆయన దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని లేపాడు. ఆ తర్వాతే జ్వరం పోయింది." పుస్తకం మూశాను. "పగలంతా ఎందరి చేతులో పట్టుకుని నాడి చూసి వచ్చాను. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. అందుకని నేనింకా లేవలేదు. టీ మీరే పోసుకోండి."

నేను పుస్తకం కుర్చీలో పెట్టి, గదిలోకి వెళ్లి దుప్పటి కప్పుకున్నాను.

జ్వరం తలకెక్కినట్టుంది, ఏమీ అనుకోకండని మా ఆయన సర్దిచెప్పడం వినిపించింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆ ఆడవాళ్లలో ఒక్కరైనా లేచి వస్తారేమో, నుదుటిమీద చెయ్యి వేసి చూస్తారేమోనని తలుపువైపే చూస్తూ పడుకున్నాను. పాట చివరిదాకా ఎవరూ రాలేదు. అనాల్సింది అనేశాక తేలిగ్గా ఉంటుందనుకున్నాను గానీ, ఇదివరకటికంటే ఒంటరిగా అనిపించింది. అయినా లేవాలనిపించలేదు.

తలుపు తెరుచుకుంది. మా ఆయన. నేను దుప్పట్లోంచి చెయ్యి బయటికి చాపాను. అందులో ఏమైనా ఉందేమోనని ఆయన వంగి చూశాడు.

"చక్కెర డబ్బా ఎక్కడ పెట్టావు? అందరూ కప్పులు పట్టుకుని కూర్చున్నారు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"వెతకండి, దొరుకుతుంది" అని గోడవైపు తిరిగి పడుకున్నాను.