వల కింద రొట్టె

పైడిరాజు యుద్ధంలో ఇటలీ చూసి వచ్చినవాడు. మలయాలో మా రబ్బరు తోటలో లారీ తోలేవాడు. సాయంత్రాలు ముళ్ళకంచె లోపల, మా కూలీల లైను ఇళ్ళ ముందు కూర్చుని ఆ సముద్రపు ఊళ్ళ గురించి చెప్పేవాడు. కొండకు అతికించినట్టు రంగురంగుల ఇళ్ళు. సందుకు అడ్డంగా తాళ్ళ మీద ఆరేసిన బట్టలు. గుమ్మాల్లో వలలు బాగుచేసుకునే ఆడవాళ్ళు. రొట్టెను నూనెలో ముంచుకు తింటారట.

"కూర నేదేటి?" అని మా వదిన పోలమ్మ నవ్వేది.

"ఆ నూనే కూరప్పా! సేప బేరం కాడ మాత్రం మన బీమిలోల్లే, ఒకటే అరుపులు."

చివరికి ఎప్పుడూ మరియ దగ్గరికి వచ్చేవాడు. శత్రువుల చెర తప్పించుకుని కొండ గుహలో దాక్కుంటే, ఆ బెస్త మనిషి బుట్టలో వల కింద రొట్టె పెట్టి, సిపాయిల ముందు నుంచే తెచ్చి ఇచ్చేదట. అది చెబుతుంటే వదిన కళ్ళు తుడుచుకునేది.

మా అన్న అప్పటికే అడవిలో తిరుగుబాటుదార్లతో కలిశాడు. తెల్లదొరల సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలోవాళ్ళకు అందకుండా, వండిన అన్నమైనా కంచె దాటకూడదు. వదిన అన్నం మూటను ఒట్టుపాలు సంచిలో పెట్టేది. చెట్టు గాటు మీద ఎండిన రబ్బరు తుక్కు ఏరే సంచి అది. ఆ కంపుకు గేటు కాపలావాడు చెయ్యి పెట్టడు. పాలు గీసే వేళ వాగు పక్క పుట్ట దగ్గర మూట వదిలేది. నాకూ ఆమెకూ మాత్రమే తెలుసు.

ఆమెకు జ్వరం పట్టింది. నా పని అవతలి డివిజన్‌లో.

"పైడిరాజుకిస్తాను," అంది.

"వద్దొదినా."

"రొట్టి తిని బతికినోడు. నాకు అన్నేయం సేత్తాడేటి?"

అతను సంచిని రెండు చేతులతో అందుకున్నాడు. "మరియే అగుపించినాదప్పా," అన్నాడు.

మధ్యాహ్నం లారీ పోలీసులతో తిరిగి వచ్చింది. పైడిరాజే తోలుతున్నాడు. వెనక టార్పాలిన్ కింద మా అన్న. పాదాలు మాత్రం బయటికున్నాయి. వదిన వచ్చి వాటిని పట్టుకుంది. పైడిరాజు దిగలేదు. ఆమెనూ అదే లారీలో తీసుకుపోయారు. జైలు తర్వాత ఓడ ఎక్కించి, ఆమె పుట్టని ఇండియాకు పంపేశారు.

మలయాకు స్వతంత్రం వచ్చిన మెర్దేకా నాడు ఇపో పట్నం వెళ్ళాను. వీధి నిండా జెండాలు. సర్కారు బహుమతితో పైడిరాజు పెట్టిన కాఫీ కొట్టు అక్కడే. జనం నడుమ మరియ కథ చెబుతున్నాడు.

"కంపు సంచిలో ఎట్టి తెచ్చీది. ఏ సిపాయీ సెయ్యి ఎట్టీవోడు కాదు!"

గుమ్మంలో ఆగిపోయాను. మా వదిన సంచిని కూడా తీసుకెళ్ళి మరియ చేతికిచ్చేశాడు.

నన్ను చూశాడు. కథ మధ్యలో వదిలి గుడ్డ తీసి గ్లాసు తుడవసాగాడు.

"సెప్పవోయ్," అన్నాడు వింటున్న ముసలాయన. "తరవాత ఆ మడిసి ఏటైనాది?"

పైడిరాజు ఇంకో గ్లాసు అందుకున్నాడు. నేనే చెప్పాను.

"ఓడెక్కించీసినారు తాతా."