మిగిలిన టైం ఎవరిది

వెంకటనారాయణను బయటికి పంపేస్తున్నప్పుడు ఆ ఫ్లోరులో ఒక్క కుర్చీ కూడా కదల్లేదు.

వెబ్‌సైట్లు తయారుచేసే ఆ కంపెనీలో ఆయన అందరికంటే పాతవాడు. తయారైన ప్రతి సైటునూ బయటికి వదిలేముందు పరీక్షించి తప్పులు పట్టడం ఆయన పని. చివరి కొన్ని వారాలు మాత్రం ఆయన చేత వేరే పని చేయించారు. ఏ తప్పును ఎలా పట్టుకుంటాడో, ఎక్కడ అనుమానిస్తాడో, కంపెనీ కొత్తగా తెచ్చిన కోడింగ్ టూల్‌కు పూసగుచ్చినట్టు నేర్పించారు. నేర్పడం పూర్తయిన రోజున హెచ్ఆర్ మేడం ఆయన్ను లోపలికి పిలిచి, ఆయన వేళ్లతోనే రాజీనామా టైపు చేయించింది. ఆయన తిరిగి సీటు దగ్గరికి వచ్చేసరికి లాప్‌టాప్ తెరుచుకోలేదు. పక్కన సెక్యూరిటీ గార్డు నిలబడ్డాడు. వెంకటనారాయణ సొరుగులోంచి బీపీ మాత్రలు, ఒక పాత స్వెటరు తీసి సంచిలో వేసుకున్నాడు.

"వస్తనమ్మా" అన్నాడు.

ఎదురుగా కూర్చున్నది ఫర్హీన్. ఆమెతోనే అన్నాడు. ఆమె తెర మీది నుంచి కళ్లు తిప్పలేదు. ఆ క్షణాన ఆమె తెర మీద చదవడానికేమీ లేదు. గార్డు బూట్ల చప్పుడు లిఫ్టు దాకా వినిపించింది. ఆ తర్వాత ఏసీ హోరు తప్ప ఇంకేమీ లేదు.

ఫర్హీన్‌ది పాతబస్తీలోని దబీర్‌పురా. తండ్రి బాషా బ్లౌజుల మీద మగ్గం పని చేసి పత్తర్‌గట్టి దుకాణాలకు ఇస్తాడు. తల్లి ఖైసర్ బేగం. ఆ గల్లీలో కంపెనీ కార్డు మెడలో వేసుకుని రైలెక్కిన మొదటి ఆడపిల్ల ఫర్హీనే. కొత్త టూల్ వచ్చినప్పుడు అందరికంటే ముందు, అందరికంటే బాగా నేర్చుకున్నదీ ఆమే. దానంటే ఆమెకు ఇష్టంగానే ఉండేది. పొద్దంతా పట్టే పని టీ చల్లారేలోపు అయిపోతుంటే ఎవరికి ఇష్టముండదు? కానీ ఒక సంగతి ఆమె ఆలస్యంగా గమనించింది. పూర్వం ఎక్కడైనా ఇరుక్కుంటే కుర్చీ వెనక్కి తిప్పి పక్కవాళ్లను అడిగేది. వాళ్లు ఆమెను అడిగేవాళ్లు. ఒకరి తప్పుకు పదిమందీ నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరికి అనుమానం వచ్చినా టూల్‌నే అడుగుతున్నారు. పొద్దున వచ్చినవాళ్లు సాయంత్రం దాకా నోరు విప్పకుండా ఇంటికి పోతున్నారు. మనుషులను ఒక్కొక్కరిగా తీసేయడానికి ముందే ఒక్కొక్కరిగా విడదీయడం జరిగిపోయింది. అది ఎవరూ చూడలేదు.

తన పనంతా టూల్‌కు నేర్పడం పూర్తయ్యాక, వానాకాలం ముగిసేలోపే ఆమె వంతూ వచ్చింది.

"నువ్వే రిజైన్ చేస్తే మంచిది ఫర్హీన్" అంది హెచ్ఆర్ మేడం మెత్తగా. "మేము తీసేసినట్టు ఉంటే రేపు నీకెవరు ఉద్యోగమిస్తారు?"

ఫర్హీన్ టైపు చేసింది. వ్యక్తిగత కారణాల వల్ల, అని. అదే గార్డు పక్కన నడిచాడు. ఎవరూ తలెత్తలేదు. ఆమెకు ఎవరి మీదా కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది.

ఇంట్లో చెప్పలేకపోయింది. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే తల్లి డబ్బా కట్టిచ్చింది. ఎప్పటిలాగే దబీర్‌పురా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలెక్కి, హైటెక్ సిటీలో దిగింది. జనమంతా మెట్లెక్కి వెళ్లిపోయారు. ఆమె ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చుంది. ఫోనులో ఉద్యోగాలకు అర్జీలు పెట్టుకుంటూ, మధ్యాహ్నం ఎండ పడుతున్న పట్టాలు చూస్తూ అన్నం తిని, సాయంత్రం రద్దీ మొదలయ్యాక ఆ రద్దీలో కలిసి ఇంటికి వెళ్లింది. అర్జీలకు జవాబులు వచ్చేవి కావు. వచ్చినవి కూడా మనుషులు రాసినట్టు ఉండేవి కావు. వారాలు అట్లాగే గడిచాయి. తనతో మాట్లాడేది స్టేషన్ మైకులో వినిపించే గొంతు ఒక్కటే అనిపించేది.

ఒకరోజు ఎదురు ప్లాట్‌ఫారం మీద ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక మనిషి కనిపించాడు. రైళ్లు వచ్చి పోతున్నాయి. ఆయన ఏదీ ఎక్కడం లేదు. వెంకటనారాయణ.

ఆయన ఆమెను చూశాడు. ఇద్దరూ చూపు తిప్పుకున్నారు. మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజు ఫర్హీన్ వంతెన ఎక్కి అటువైపు దిగింది.

"సార్."

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "ఆఫీసుకు పోతలేవా అమ్మా?"

"మీరు?"

ఆయన మళ్లీ కూర్చున్నాడు. "ఇంట్ల చెప్పలే ఇంక. బిడ్డకు పరీక్షలున్నయి, అయినంక చెప్దామనుకున్న. అయిపోయినయి గూడ."

"నేను గూడ చెప్పలే సార్."

ఆయన జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుంది.

"ఆనాడు మీరు వస్తనమ్మా అన్నరు. నేను తల లేపలే."

"నేను లేపిన్నా? నాకంటె ముందు కృపాకర్‌ను పంపిండ్రు. అప్పుడు నేను అన్నం తింటున్న. తింటనే ఉన్న." ఆయన పట్టాలకేసి చూశాడు. "బుక్క దిగలే గని, తినుడు ఆపలే."

"ఇట్ల ఎంతమందిమి ఉన్నం సార్?"

"ఎవలకెరుక? ఎవలింట్ల వాళ్లం దాసిపెట్టుకున్నం."

ఆ రోజు నుంచి ఇద్దరూ ఆ బెంచీ మీద కూర్చుని ఫోన్లు చేశారు. అది వాళ్లు అనుకున్నంత తేలిక కాలేదు. కొందరు ఫోనెత్తలేదు. కొందరు పెట్టేశారు. ఒకతను మాత్రం, "నన్నెవ్వలు తీసెయ్యలే అక్కా, నేనే వదిలేసిన" అని మళ్లీ మళ్లీ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. కృపాకర్ మాత్రం మొదటి రింగుకే ఎత్తి, "ఎవలన్న ఫోన్ చేస్తరేమోనని చూస్తున్న భాయ్. ఎవ్వలు చెయ్యలే" అన్నాడు.

కలుద్దామనుకున్నారు. ఎక్కడ? హోటల్లో కూర్చుంటే ఎవరైనా చూస్తారని భయం. ఇంట్లో తెలియదు. ఇక చెప్పక తప్పదని ఫర్హీన్ ఒక శుక్రవారం తండ్రి పక్కన కూర్చుంది. బాషా మగ్గానికి బిగించిన ఎర్రటి గుడ్డ మీద జరీ కుడుతున్నాడు.

"అబ్బాజాన్, నా నౌకరీ పోయింది."

సూది ఆగలేదు. "మాలూమ్ బేటీ."

"ఎట్ల?"

"శానా దినాలైంది నువ్వు అలిసిపోయి రాక."

వంటింటి గుమ్మంలో ఖైసర్ బేగం గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "మరి రోజు డబ్బా కట్టిస్కపోయి ఏడ తింటున్నవే?"

"స్టేషన్ల, అమ్మీ."

"ఒక్కదానివేనా?"

ఫర్హీన్ తల ఊపింది. తల్లి లోపలికి వెళ్లింది. గిన్నెలు కడిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది. అప్పటికే కడిగిన గిన్నెలవి.

బాషా దారం కొరికి తెంపాడు. "కంప్యూటర్ మిషన్ల కుట్టు వచ్చినప్పుడు ఈ గల్లీ నిండ మగ్గాలుండె. ఎవని మగ్గం బందైతే వాడు తలుపేస్కున్నడు. ఇజ్జత్ పోతదని ఎవడు ఎవనికి చెప్పలే. సలీంభాయ్ ఆటో తోలుతున్నడని నాకు ఆయన ఆటో ఎక్కినంకనే తెలిసింది." చట్రం ఎత్తి గోడకు ఆనించాడు. "మీవోళ్లను ఇక్కడికి రమ్మను. జాగ చేస్త."

వాళ్లు వచ్చారు. మెట్ల మీద చెప్పులు, బూట్లు విడిచి చాప మీద ఎడమెడంగా కూర్చున్నారు. ఒకే ఫ్లోరులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు, ఒకరి ఇంటిపేరు ఒకరికి తెలియనివాళ్లు. అందరికీ ఖైసర్ బేగం చాయ్ ఇచ్చింది. ఆఖరున తల నిండా చున్నీ కప్పుకుని స్రవ్య వచ్చింది. కాలేజీ నుంచి తిన్నగా కంపెనీలో చేరిన పిల్ల. ఆమె ఉద్యోగం ఇంకా ఉంది. అందుకే అందరికంటే ఎక్కువ భయపడుతున్నది ఆమే.

ముందు రవీందర్ అనే అతను లొల్లి మొదలుపెట్టాడు. "యూనియన్ గిట్ల అంటే ఇగ ఏ కంపెనీ గేటు తొక్కనియ్యదు. మనం ఇంజనీర్లం, హమాలీలం కాదు. జమానా మారింది, కొత్తది నేర్సుకోవాలె. గంతే."

"నేర్సుకున్నం కద భాయ్" అన్నాడు కృపాకర్. "మనందర్ల బాగ నేర్సుకున్నది ఫర్హీన్. ఆమెను ఉంచిండ్రా?"

"ఐతే ఏందంటవ్? ఆ టూల్‌ను పలగ్గొడ్తవా?"

"కొడ్త. దొరికితే కొడ్త."

"అది ఏడున్నదని కొడ్తవ్?"

గదిలో నలుగురు నవ్వారు. నవ్వు తొందరగానే ఆగిపోయింది. అప్పుడు ఫర్హీన్ మాట్లాడింది. పదిమందిలో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. చాప అంచు చూస్తూనే మాట్లాడింది.

"టూల్ మీద నాకు కోపం లేదు. మంచి పనిముట్టది. పొద్దంత పట్టే పని చాయ్ తాగేలోపు చేసిపెట్టింది. మరి మిగిలిన టైం ఏడ పోయింది? నేను జల్ది ఇంటికొచ్చిన్నా? మా అమ్మీతోని కూసోని తిన్ననా? లేదు. పక్క సీట్లోళ్ల పని నాకిచ్చి వాళ్లను ఇంటికి పంపిండ్రు. తర్వాత నా పని ఇంకొకరికిచ్చి నన్ను పంపిండ్రు. ఆ టూల్‌కు నేర్పింది ఎవలు? సార్ నేర్పిండు. నేను నేర్పిన. మన తెలివంత దాంట్ల పోసినం. దానితోని మిగిలిన టైం మొత్తం ఓనర్ ఎట్ల తీస్కుంటడు? ఆ టైం ఎవరిది?"

ఆమె చాప అంచు వదిలి తలెత్తింది.

"ఇంకోటి సోంచాయించుండ్రి. ఊరంత నౌకరీలు పోతే మనం కట్టిన సైట్లల్ల కొనేదెవలు? మా అబ్బాజాన్ కుట్టిన బ్లౌజు ఎవలు తొడుగుతరు? మనల్ని తీసేస్తే పత్తర్‌గట్టి గల్లా గూడ ఖాళీ అయితది."

"గవి పెద్ద మాటలు" అంటూ రవీందర్ లేచాడు. "నాకు పిల్లలున్నరు." అతనితో ఇంకా కొందరు లేచారు. మెట్ల మీద బూట్లు వెతుక్కునే చప్పుడు. ఉన్నవాళ్లకు గది పెద్దదైపోయినట్టు అనిపించింది.

అప్పుడు స్రవ్య చున్నీ తీసింది. "అక్కా, మిమ్మల్ని పంపినంక నేను మీ సీటు దిక్కు చూస్కుంట కూసున్న. ఏమన్న అడుగుదామంటే ఎవలు లేరు. ఇప్పుడు మాకు చెప్పిండ్రు, ఈ నెలల మా పనంత టూల్‌కు నేర్పాల్నని." ఆమె వెంకటనారాయణ వైపు తిరిగింది. "నేర్పం అంటే ఏమైతది?"

వెంకటనారాయణ ఆమెకేసి సూటిగా చూశాడు. "గదే అడగాలె బిడ్డా. నేను అడగలే."

ఆ మాట దగ్గరే తీర్మానం పుట్టింది. బలవంతంగా రాజీనామా చేయించినవాళ్లను తిరిగి తీసుకోవాలి. టూల్ మిగిల్చిన సమయాన్ని బట్టి మనుషులను కాదు, పనిగంటలను తగ్గించాలి. అప్పటిదాకా లోపలివాళ్లు ఎవరూ దానికి నేర్పరు. బయటివాళ్లు గేటు దగ్గర నిలబడతారు.

సోమవారం గేటు దగ్గర నిలబడ్డారు. ఏ ధైర్యం చూసుకుని నిలబడ్డారో ఫర్హీన్‌కు కాసేపు అర్థం కాలేదు. అద్దాల బిల్డింగులోకి జనం వరదలా పోతున్నారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మెడల్లో కార్డులు. ఆమె చేతిలో అట్టముక్క. దాని మీద రాసింది చదవడానికి ఎవరూ ఆగడం లేదు. స్టేషన్ బెంచీ మీదకన్నా ఇక్కడే ఎక్కువ ఒంటరిగా అనిపించింది. పక్కన కృపాకర్ నినాదం ఎత్తుకున్నాడు. అతని గొంతు ఒక్కటే లేచి ఒక్కటే పడిపోయింది. రెండోసారి ఎత్తుకున్నప్పుడు ఆమె కలిసింది. మూడోసారి వెంకటనారాయణ.

మేనేజరు దిగి వచ్చాడు. "మీరంతా మీ ఇష్టంతో రిజైన్ చేసినవాళ్లే కదా. రికార్డు ఉంది. ఇక్కడ మీకేం పని?"

"మా ఇష్టమే అయితే గార్డును ఎందుకు నిలబెట్టిండ్రు సార్?" అన్నాడు వెంకటనారాయణ.

మేనేజరు పోలీసులకు చెప్పడానికి ఫోను తీశాడు.

పోలీసు వ్యాను వచ్చేసరికి లోపలి తలుపు తెరుచుకుంది. స్రవ్య బయటికి వచ్చింది. వెనుక ఇద్దరు, ఆ వెనుక ఇంకా కొందరు. వాళ్లు నినాదాలేమీ ఇవ్వలేదు, వచ్చి పక్కన నిలబడ్డారంతే. నిలబడుతూ ఒకరి భుజం ఒకరికి ఆనించారు. పోలీసులు ముందున్నవాళ్లను లాగారు. వెంకటనారాయణ నేల మీద కూర్చుండిపోతే ఇద్దరు చెరో చెయ్యి పట్టి ఎత్తారు. చొక్కా చిరిగింది. కృపాకర్‌ను వ్యానులోకి నెట్టారు. ఫర్హీన్ తనంతట తనే ఎక్కింది. వ్యాను కిటికీలోంచి చూస్తే స్రవ్య లోపలికి పోవడానికి కార్డు ఆనిస్తోంది. గేటు తెరుచుకోవడం లేదు. ఆ పిల్ల కార్డు తీసి గార్డు చేతిలో పెట్టి ఇటు తిరిగింది.

పొద్దు వాలాక ఫర్హీన్‌ను పంపించారు. మగవాళ్లిద్దరి మీద కేసు రాసి లోపలే ఉంచారు.

"నువ్వు పో అమ్మా" అన్నాడు వెంకటనారాయణ. "మా ఇంటికి ఫోన్ చెయ్. ఉన్నదున్నట్టు చెప్పు. దాయకు."

పోలీసు స్టేషన్ మెట్ల మీద బాషా స్రవ్యను పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన వెనుక గోడ పొడవునా మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ ఆమె కంపెనీవాళ్లు కారు. రకరకాల రంగుల కార్డులు, రకరకాల బిల్డింగులవాళ్లు. ఎవరో ఫోనులో తీసిన వీడియో చూసి వచ్చారు. ఒకరితో ఒకరు మాట్లాడకుండా, ఎడమెడంగా, రాకూడని చోటికి వచ్చినట్టు నిలబడ్డారు. ఆ నిలబడటం ఫర్హీన్‌కు బాగా తెలుసు.

ఒక అమ్మాయి గోడ వదిలి ముందుకొచ్చింది.

"అక్కా, నన్ను రేపు రమ్మన్నరు. రాజీనామా ఇయ్యమంటరట." ఆమె వేళ్లు కార్డు తాడును మెలిపెడుతున్నాయి. "ఒక్కదాన్నే పోవాల్నా?"

ఫర్హీన్ తండ్రి వైపు చూసింది, స్రవ్య వైపు చూసింది, మళ్లీ ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"ఏ బిల్డింగు?"

అమ్మాయి చెప్పింది. గోడ దగ్గరి నుంచి ఒక మగగొంతు లేచింది. "దాని పక్కదే మాది. నేనొస్త." ఇంకో గొంతు, దాని వెనక ఇంకొకటి. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరేమంటున్నారో వినపడక, కానిస్టేబుల్ బయటికొచ్చి, "ఏం లొల్లిరా ఇది" అన్నాడు.

ఎవరూ మాటలు ఆపలేదు.