స్వెట్టర్‌లో మంచుముక్క

ఉల్లిపాయలు తరుగుతూ నోరు జారాను. "కాదు" అన్నాను. అంతే, ఒక్క మాట.

పక్క గదిలో మా ఆయన మైకు ముందు కూర్చుని ఇంటర్నెట్‌లో పెట్టే తన ఆదివారం ప్రసంగం రికార్డు చేస్తున్నారు. ఉద్యోగం బీమా ఆఫీసులో, వ్యసనం అభిప్రాయాలు చెప్పడం. ఫోన్ టవర్ల వల్లే పిచ్చుకలు పోయాయన్నారు, ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో తనకి నిరుడే తెలుసన్నారు, ఆ ఊపులోనే ఉన్నిలో వేడి పుడుతుందనీ, అందుకే స్వెట్టర్ వేసుకుంటే ఒళ్ళు వెచ్చబడుతుందనీ తేల్చేశారు. నేను పనిచేసేది టీకా మందుల గిడ్డంగిలో. పదకొండేళ్ళుగా మంచుగడ్డల మధ్య మందులు సర్ది, మందపాటి పెట్టెల్లో మూసి పంపేది ఈ చేతులే. ఉన్నికి సొంత వేడంటూ ఉండదు. లోపలి వేడిని పోనివ్వదు, బయటి వేడిని రానివ్వదు. మా సూపర్‌వైజరు ఈ సంగతి కొత్తవాళ్ళకి నా చేత చెప్పిస్తాడు, పైవాళ్ళొస్తే మాత్రం తనే చెబుతాడు.

ఆ రికార్డింగులో దగ్గులూ, కుక్కర్ కూతలూ, పాప ఏడుపులూ కోసి శుభ్రం చేసేదీ నేనే. "ఇంట్లో తీరిగ్గానే ఉంటావుగా" అంటారాయన. ఆ రోజు పాపకి జ్వరం. హడావుడిలో నా గొంతు నాకే వినపడలేదు, అది అలాగే జనంలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నకల్లా అరవై మంది రాశారు. వెనకాల కాదన్నావిడ ఎవరండీ? ఎందుకు కాదంటున్నారు? ఆవిణ్ణి మాట్లాడనివ్వండి. పళ్ళు తోముకుంటూ ఫోన్లో చదివాను, ఆనందంతో గుండె దడదడలాడింది. పెళ్ళయి వచ్చాక ఈ ఇంట్లో అది ఎక్కడ పెట్టావని నన్ను అడిగారు, ఇంకా కాలేదా అని అడిగారు గానీ, ఎందుకంటున్నావని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

మా ఆయన మొహం మాడ్చుకున్నారు. "పదిమందిలో పరువు తీశావు. అది టీవీలో మాట అని రాసి, ఆ ముక్క కోసెయ్. సాయంత్రం నేనొచ్చేసరికి అయిపోవాలి."

ఆయన ఆఫీసుకెళ్ళారు. పాప కోసం సెలవు పెట్టింది మామూలుగానే నేను. అత్తగారు కొడుక్కి వత్తాసు పలికారు. "వాడేదో మాట్లాడుకుంటాడు, మధ్యలో నీకెందుకే? ఉన్ని వేడని చంటిపిల్లకి కూడా తెలుసు."

"అయితే చూద్దాం అత్తయ్యా" అన్నాను.

రెండు మంచుముక్కలు తీసి రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టాను. ఒకటి పళ్ళెంలో పెట్టాను. రెండోది మా ఆయన మంచి స్వెట్టర్‌లో మడతల మీద మడతలుగా చుట్టాను. "బంగారంలాంటి స్వెట్టర్ పాడు చేస్తున్నావు. అందులోదే ముందు కరుగుతుంది, రాసిపెట్టుకో" అంటూ అత్తగారు కుర్చీ లాక్కుని మరీ కూర్చున్నారు. నాకు కాలు నిలవలేదు. పాప నుదుటి మీద గుడ్డ మారుస్తున్నా, గిన్నెలు కడుగుతున్నా మనసంతా ఆ స్వెట్టర్ దగ్గరే.

గంట దాటింది. పళ్ళెంలోదంతా నీళ్ళయింది. స్వెట్టర్ విప్పాను. అంచులు కాస్త అరిగాయి గానీ ముక్క ముక్కలాగే ఉంది. అత్తగారు ముట్టుకుని చూశారు, మళ్ళీ ముట్టుకున్నారు.

"మరి ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదేమే?" అన్నారు చిన్నగా.

నాకు నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి. ఎగిరి గంతెయ్యాలనిపించింది. తిన్నగా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను, కొట్టేశాను, మళ్ళీ రాసుకున్నాను. సాయంత్రం దాకా ఇదే పని.

ఆయన రాగానే, బూట్లన్నా విప్పకముందే అత్తగారు అంతా చెప్పేశారు. ఆయన నా కాగితం తీసి చదివారు. కళ్ళు మెరిశాయి.

"బాగుందే. లే, నేను చెబుతా. నువ్వైతే తడబడతావు. ఈ ప్రయోగం నేనే చేశానంటే సరిపోతుంది."

అలవాటు కొద్దీ సగం లేచాను కూడా. కుర్చీ ఖాళీ చెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య. అప్పుడు ఆయన చేతిలో నా అక్షరాలు కనిపించాయి. కాగితం తీసుకుని మళ్ళీ కూర్చున్నాను.

"పాపకి పాలు పొయ్యి మీద పెట్టాను, పొంగకుండా చూడండి" అన్నాను.

ఆయన కదల్లేదు. "వెళ్ళరా" అన్నారు అత్తగారు.

మైకు నా వైపు తిప్పుకుని మీట నొక్కాను.

"నిన్న కాదన్నది నేనే" అని మొదలుపెట్టాను.