క్యానులో ఓబిలేష్ వాటా

ఐదు రకాల మాత్రలకు లొంగని నా బీపీని నాలుగేళ్ల కిందట బెంగళూరులో లొంగదీశారు. తొడలోంచి తీగ పంపి, కిడ్నీల దగ్గరి నరాలు కాల్చారు. ఆ తీగ ధర్మవరం నుంచి ముదిగుబ్బ దాకా పొడవుందని, పొగకు డాక్టరే దగ్గాడని మగ్గాల దగ్గర అందరికీ చెప్పేవాణ్ణి. ఏటా వచ్చి కిడ్నీలు చూపించుకోమన్నారని మాత్రం ఎవరికీ చెప్పలేదు. బీపీ దిగింది కదా అని ఒక్క ఏడాదీ పోలేదు.

ఇప్పుడు పాదాలు ఉబ్బిపోయాయి. మగ్గం గుంతలోంచి పైకి లేవడానికే ఒళ్లు అలిసిపోతోంది. కిడ్నీకి రక్తం పోయే గొట్టం సన్నబడిందేమో, అరుదుగా అలా అవుతుందని అనంతపురం డాక్టరమ్మ అంది. కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో తేల్చడానికి ఒక పగలూ రాత్రీ పోసిన ఉచ్చంతా పట్టి తెమ్మని ఐదు లీటర్ల క్యాను ఇచ్చింది. మరీ చెడిపోయుంటే వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇక మగ్గం మూసుకోవాల్సిందే.

తెల్లారి చూస్తే క్యాను అడుగున కాస్తే ఉంది. భయమేసి పక్కింటి ఓబిలేష్‌ను పిలిచాను.

"అబ్బీ, దీంట్లో రోంత పొయ్యి."

"ఏమన్నా, కరువంటే మరీ ఇంత కరువా?" అని నవ్వి, మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు వచ్చి ధారాళంగా పోశాడు.

ల్యాబులో పిల్ల క్యాను ఎత్తి చూసింది. "రెండు లీటర్లుండాది పెద్దాయనా. బాగానే వచ్చినాదే!"

"దోవలో చెరువుకు ఇంత వదిలొచ్చినా తల్లీ. లేకుంటే మూత పట్టేది కాదు," అన్నాను.

పక్కనే ఉన్న నా భార్య భద్రమ్మ కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. ఆరు నెలలుగా పొద్దున్నే నా పాదం బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపుంటుందో చూస్తున్న మనిషి.

"ఇంగ భయం లేదులేయ్యా," అంది. "నీకు డయాలసిస్ వద్దులే."

నా కోతలు విని ఇంతవరకూ ఎవరూ ఏడవలేదు. ఆ పిల్ల క్యాను మీద నా పేరు రాయబోతోంది.

"ఆపమ్మా. దాంట్లో శానా భాగం నాది కాదు."

"ఎవురిదయ్యా?" అంది భద్రమ్మ.

"ఓబిలేష్‌ది."

"నీది ఎంత?"

బొటనవేలూ చూపుడువేలూ కొంచెం ఎడం చేసి చూపించాను. ఆమె ఆ వేళ్ల వంక చూసింది.

"నీ తిక్క తగలెయ్య," అంది, గొంతు పెద్దది చేయకుండా.

ఆ పిల్ల కొత్త క్యాను తెచ్చిచ్చింది. "రేపు పొద్దున మొదటిసారిది పారబోసి, ఆన్నుంచి పట్టు పెద్దాయనా."

నేను చెయ్యి చాపేలోపే భద్రమ్మ దాన్ని అందుకుంది.

"ఈసారి ఇది నాకాడ ఉంటాది. పద."